గేటు ముందు ఉగ్గాని బండి

చేతిలో నికరమైన ఉద్యోగం, బ్యాంకులో నిండుకున్న ఖాతా, ఇంట్లో పెళ్లి మాటలు. ఈ మూడూ ఒకేసారి ఉన్నప్పుడు బుద్ధున్నవాడెవడైనా మొదటిదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. నేను సరిగ్గా దాన్నే వదిలేశాను. ఆ తర్వాత కొంప ఎలా మునిగిందో చెబుతాను, నవ్వుకోండి. ఇంట్లో ఉద్యోగం చేసే కుర్రాళ్లుంటే మాత్రం కాస్త మెల్లగా నవ్వండి, వాళ్ల చెవిన పడితే కష్టం.

మాది హిందూపురం. పెనుకొండ దగ్గర హైవే పక్కనున్న ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. పొద్దున్నే కంపెనీ బస్సు మా వీధి చివర ఆగేది. చింతపండు మార్కెట్లో మూటలు మోసే మా నాయన, నేను బస్సెక్కి కూర్చునేదాకా నిలబడి చూసి, అప్పుడు పనికి పోయేవాడు. నా పనల్లా ఇనుప గొట్టాలను తిప్పి చూడటం, బాగుంటే పచ్చ చుక్క పెట్టడం. ఆరేళ్లు చుక్కలు పెట్టాను. చివరికి కలలో కూడా మనుషుల నుదుటిమీద పచ్చ చుక్కలే కనిపించేవి.

ఒకరోజు మా అమ్మ చేసిన ఉగ్గాని డబ్బాలో పెట్టుకుపోయాను. తెలియనివాళ్లకు చెబుతున్నాను, బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో తడిపి పిండి, తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే అదే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే మా వైపు దాన్ని తిండిగా ఒప్పుకోరు. మా సెక్షన్‌వాళ్లు డబ్బా అడుగు కూడా మిగల్చలేదు.

"ఏమబ్బా రామాంజీ, ఇంత రుచి పెట్టుకోని ఈడ గొట్టాలు చూస్తాండావా?"

"బండి పెట్టప్పా! గేటు కాడనే పెట్టు. మేమంతా నీ కాడనే తింటాం."

కడుపు నిండినవాళ్లు ఇలాంటి మాటలు చాలా అంటారు. వాటిని నమ్మి రాజీనామా ఇచ్చినవాణ్ణి మాత్రం నన్నొక్కణ్ణే చూశాను. రుచి మా అమ్మ చేతిది, నాది కాదు అన్న చిన్న సంగతి కూడా ఆ ఉత్సాహంలో గుర్తుకురాలేదు.

రాజీనామా కాగితం తీసుకుంటూ ఆఫీసులో మేడం అడిగింది, "వేరే కంపెనీలో వచ్చిందా?"

"లేదు మేడం."

"పైచదువులకా?"

"కాదు మేడం, బొరుగులకు."

ఆవిడ ఆ కాగితం మళ్లీ ఒకసారి చదివి, "ఇంట్లో చెప్పినావా?" అంది.

"చెప్పినా మేడం."

చెప్పలేదు. ఎలా చెబుతాను? ధర్మవరం సంబంధం దాదాపు కుదిరిపోయి ఉంది. పెళ్లిచూపుల్లో ఆ అమ్మాయి సుజాత, "కంపెనీలో మీరేం చేస్తారు?" అని అడిగింది. "చూస్తాను" అన్నాను. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసినప్పట్నుంచి నాకు వేరే సంబంధం ధ్యాసే లేదు. ఇక మిగిలింది అబ్బాయి గురించి వాళ్లు చేసే విచారణ ఒక్కటే. వాళ్లు వచ్చేసరికి బండి జోరందుకుంటుందని, అప్పుడు దర్జాగా నిజం చెప్పవచ్చని నా లెక్క.

చివరి జీతం దుడ్లు బండి కొనడంతోనే అయిపోయాయి. షిఫ్టు మారిందని నాయనకు చెప్పి, చీకటితోనే ఆర్టీసీ బస్సెక్కి వెళ్లి గేటు ముందు పొయ్యి వెలిగించాను. కంపెనీ బస్సు వచ్చింది. కిటికీల్లోంచి మావాళ్లంతా ఉత్సాహంగా చేతులూపారు. నేనూ ఊపాను. బస్సు ఆగకుండా లోపలికి పోయింది. గేటు మూసుకుంది. సాయంత్రం తెరుచుకుంది. బస్సు బయటికొచ్చింది. మళ్లీ చేతులూపారు.

సెక్యూరిటీ ఖాదర్ నా పక్కనొచ్చి నిలబడ్డాడు. "ఆరేండ్లు నువ్వూ ఇదే బస్సులో పోయినావు గదబ్బా. ఒక్క పొద్దన్నా గేటు కాడ దిగినావా?"

"లేదు."

"లోపల క్యాంటీన్లో టిఫిన్ ఊరికే పెడతారు. నువ్వూ తిన్నావు గదా?"

"తిన్నాను."

"మరి యాడోళ్లొచ్చి తింటారనుకొంటివి?"

పొయ్యి ఆర్పేసి సామాను సర్దుకున్నాను. ఆ తర్వాత రోజులన్నీ ఒకేలా గడిచాయి. చేసింది నేనే తినేవాణ్ణి, మిగిలింది గేటు దగ్గరి కుక్కలు తినేవి. నేను చిక్కాను, అవి బలిశాయి.

ఇలా ఉండగా ఒక పొద్దున తెల్లపంచె, చంకలో సంచితో ఒక పెద్దాయన వచ్చి బల్లమీద కూర్చున్నాడు. గిరాకీ! ఆనందంతో ప్లేటు నింపేశాను. ఆయన బజ్జీ కొరికి నింపాదిగా అడిగాడు.

"ఏమప్పా, ఈ కంపెనీలో హిందూపురం రామాంజి అని ఒక పిల్లోడు ఉండాడంట. ఎరుకనా?"

ఆయన ప్లేటులో అడక్కుండానే ఇంకో బజ్జీ వేశాను.

"మా అక్క కూతురు సుజాతకి చూస్తాండాం. చూపుల దినం నేను చీరల మూట ఎత్తుకోని బెంగళూరుకి అమ్మేకి పోయింటి. పిల్లోడు ఎట్లాంటోడో చెప్పప్పా."

తలకు తువ్వాలు, ముఖం నిండా మసి. వాళ్లకు పంపిన ఫోటోలో టై కట్టుకున్న రామాంజిని ఆయన నాలో పోల్చుకునే అవకాశమే లేదు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేనేం చేశానంటారా?

"బంగారమన్నా!" అన్నాను.

"తాగుతాడా?"

"ఆ వాసనే పడదు."

"కోపమెక్కువా?"

"కోపమంటే ఏందో తెలీదు ఆ పిల్లోనికి."

"ఇంట్లో ఆడోళ్లకి సాయం చేస్తాడా?"

ఆ క్షణంలో నేను ప్లేట్లు కడుగుతున్నాను. "గిన్నెలు గూడా వాడే తోముతాడన్నా. ఎవురేం చెప్పినా ఎదురు మాట్లాడడు."

"పనిలో?"

"వాడు లేకపోతే కంపెనీ నడవదు."

వెనక యంత్రాలు హోరుమని తిరుగుతున్నాయి. పెద్దాయన తృప్తిగా తలూపాడు. "నీకింత బాగా ఎట్ల తెలుసు?"

"మూడు పూటలా ఈడే తింటాడన్నా." ఇది మాత్రం అచ్చమైన నిజం.

"అట్లయితే వచ్చిందానికి ఒకసారి చూసే పోతా" అంటూ ఆయన గేటువైపు తిరిగి ఖాదర్‌ను కేకేశాడు. "ఏమప్పా, రామాంజిని రొంత పిలుస్తావా?"

నేను తువ్వాలు పీకి సైగలు చేశాను, కళ్లు ఎగరేశాను, దండం కూడా పెట్టాను. ఖాదర్ అవన్నీ చూసి, పాపం నాకు చెవుడొచ్చిందనుకున్నాడేమో, గట్టిగా అరిచాడు.

"రామాంజీ! ఆ పెద్దాయన నిన్నే పిలుస్తాండాడు!"

పెద్దాయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. ప్లేటులో మిగిలింది తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, డబ్బులు బల్లమీద పెట్టాడు. అటునుంచి అటే ధర్మవరం బస్సెక్కాడు.

ఇంటికెళ్లి నాయనకు అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన "ఆ డబ్బా ఇట్ల తే" అని మిగిలిన ఉగ్గాని తిన్నాడు. "ఉప్పు చాల్లేదురా" అన్నాడు. ఆయనకు అబద్ధం చెప్పినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ పూట ఆయన పక్కన కూర్చుని ఏడ్చేశాను కూడా.

మర్నాడు ఫోను మోగింది.

"నేను ధర్మవరం సుజాతని. రామాంజి గురించి మా మామకి నువ్వు చెప్పినవన్నీ నిజమేనా?"

"ఉద్యోగం మాట అబద్ధం" అన్నాను.

"దాన్ని ఇడ్సిపెట్టు. ఉద్యోగం ఈ పొద్దు ఉంటాది, రేపు పోతాది. మిగతావి? తాగడు, కోపం రాదు, గిన్నెలు తోముతాడు, ఎదురు మాట్లాడడు?"

"నిజమే."

"అట్లయితే మావోళ్లని నేను ఒప్పిస్తా. ఇవన్నీ చెప్పింది నువ్వు, నేను గాదు. మర్సిపోవద్దు."

ఎంత ముచ్చటపడ్డానో! ఆ ముచ్చటలోనే పెళ్లయింది, బండి ధర్మవరం స్టేషను దగ్గరికి మారింది, ఇప్పుడది నాలుగు బల్లల హోటలైంది. గల్లాపెట్టె సుజాతది. వారానికోసారి మామ వచ్చి, తింటూ నన్ను గమనిస్తాడు. నేను ఎప్పుడైనా కాస్త గొంతు పెంచితే చాలు, సుజాత గిరాకీలందరికీ వినబడేలా అంటుంది. "మామా, కోపమంటే ఏందో తెలీదని నీకు చెప్పింది ఎవురు?" మామ ప్లేటులోంచి తలెత్తకుండానే వేలు నావైపు చూపిస్తాడు.

అందుకే, కాగే నూనె బాణలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అవసరమైతే ఇంకో పది ఉద్యోగాలు మానేస్తాను, చేతిలో చిల్లిగవ్వ లేకుండా మానేస్తాను. కానీ నా గురించి ఎవరు వాకబుకు వచ్చినా, ప్రాణం పోయినా సరే, ఒక్క మంచి మాట చెప్పను. ఈ ప్రమాణం ఇంకా గంభీరంగా చేద్దామనుకున్నాను గానీ, లోపల్నుంచి సుజాత పిలుస్తోంది. సింకు నిండిందట.