పూజలో పెట్టిన గిటార్

పటాన్‌చెరులో రాక్ సంగీతమా అని నవ్వేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకు ఉండకూడదండీ? రేడియో మాకూ వినపడేది. చెవులు మాకూ ఉండేవి. పైగా మా దగ్గర లేత్ మెషిన్లు ఉండేవి, రాగి తీగ ఉండేది, చెక్క చెక్కడం తెలిసిన మనుషులు ఉండేవారు. గిటార్ కొనే స్తోమత లేకపోతే చేసుకున్నాం. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాదు.

డెబ్బైల మొదట్లో నేను బొంబాయి రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కార్ఖానాలో లేత్ మీద పనిచేసే టర్నర్‌ని. మా ఇల్లు చిట్కుల్లో. మాకున్న కాస్త పొలంలో సగం కార్ఖానాల కింద పోయాక మా నాయన కూడా ఖాకీ చొక్కా తొడుక్కుని మరో కార్ఖానాలో ఖలాసీగా చేరాడు. మిగిలిన సగాన్ని ఆదివారాలు దున్నేవాడు. ఆయన లెక్కలో పని రెండే రకాలు: మట్టితో చేసేది, ఇనుముతో చేసేది. మూడోది ఒకటి ఉందంటే నమ్మే మనిషి కాదు.

నాకు గిటార్ పిచ్చి ఎక్కించింది మా వైండింగ్ సెక్షన్‌లో మోటార్లకు తీగ చుట్టే నా స్నేహితుడు. వాళ్లది గోదావరి వైపు ఊరు. తండ్రి నౌకరీ కోసం కుటుంబమంతా వచ్చి ఆయన కంపెనీ టౌన్‌షిప్ క్వార్టర్‌లో దిగారు. వాళ్లింట్లో గూట్లో పట్టనంత రేడియో ఉండేది. డ్యూటీ దిగాక దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని విలాయతీ పాటలు వినేవాళ్లం. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ మధ్యలో గిటార్ ఒకటి మోగేది చూడండి, అబ్బా, మొదటిసారి విన్నరోజు నా అరచేతులకు చెమటలు పట్టాయి. "ఒరేయ్, అది ఎలా మోగుతుందో నాకు తెలుసురా. అయస్కాంతం చుట్టూ తీగ చుట్టాలి, అంతే. నేను రోజూ చేసే పనే కదా," అన్నాడు మావాడు. అక్కడ మొదలైంది మా రోగం.

పోత అచ్చుల కోసం చెక్క నమూనాలు చేసే వడ్రంగి ఒకాయన మా షాపులో ఉండేవాడు. ఆయన పారేసే టేకు ముక్కతో గిటార్ ఒళ్లు చెక్కించాం. 'పనికిరాని చెక్క ఒకటి' అని ఫోర్‌మన్ గేటు పాసు రాసిచ్చాడు. మెడ మాత్రం సికింద్రాబాద్‌లో విరిగిన పాత గిటార్ నుంచి ఊడదీసినది. తీగలు బిగించే మేకులు నేనే భోజనాల వేళ లేత్ మీద తీశాను. కాలిపోయిన స్పీకర్ అయస్కాంతం చుట్టూ మావాడు వెంట్రుకలాంటి రాగి తీగ కొన్నివేల చుట్లు చుట్టాడు. అంతా అయ్యాక పెళ్లిళ్ల మైకు సెట్టుకు తగిలించి మీటితే, పాడైన ట్యూబులైటులా గుయ్యిమంది తప్ప పాట రాలేదు. నాకు కోపం వచ్చి దాన్ని గోడకేసి కొట్టబోయాను. మావాడు లాక్కుని, ఎర్త్ తీగ ఒకటి కలిపి మళ్లీ ఇచ్చాడు. ఈసారి మోగింది. పక్క క్వార్టర్ ఆవిడ తలుపు తీసి చూసేంతగా మోగింది.

ఏడాది తిరిగేసరికి నలుగురమయ్యాం. నేను గిటార్, మావాడు డ్రమ్ములు, ఒకడు అకార్డియన్, ఒకడు పాట. పాడేవాడికి ఇంగ్లీషు రాదు. రేడియోలో ఏం వినపడితే అదే పలికేవాడు, అదీ దర్జాగా.

మా నాయనకు బ్యాండు అంటే ఒక్కటే తెలుసు. ఒకరోజు అన్నం తింటూ అడిగాడు: "బ్యాండ్ల వాయిస్తున్నవట?"

"అవును నాయినా."

"ఎవ్వల పెండ్లికి?"

"పెండ్లికి గాదు. గిది వేరే."

"వేరే ఏంది? బరాత్ ముంగట నడుసుకుంట వాయించుడు గాదా?"

అమ్మ ఫక్కున నవ్వింది. నేను కంచం ముందు నుంచి విసురుగా లేచాను. "నౌకరీ ఉన్నోనికి గీ తీగెలు గీకుడు ఏందిరా? కడుపు నిండుతదా?" అన్న మాట నా వీపుకు తగిలింది. ఆ రోజు నుంచి ఇంట్లో గిటార్ ఊసెత్తడం మానేశాను. సాధన గొడ్ల కొట్టంలో, ప్రోగ్రాముల సంగతి మావాడితో. నాయనకు ఏమీ చెప్పేవాణ్ని కాదు.

ఆ ఏడు దసరాకు టౌన్‌షిప్ హాల్లో నవమినాటి సాయంత్రం మాకు ఒక గంట ఇచ్చారు. మావాడు ఆ కబురుతోపాటు ఇంకో కబురు మోసుకొచ్చాడు. సికింద్రాబాద్‌లో ఒక హోటల్లో వాయించే అసలు సిసలు రాక్ బృందంలో గిటార్ వాయించేవాడు బొంబాయి వెళ్లిపోయాడట. ఆ బృందం పెద్దాయన మా ప్రోగ్రాముకు వచ్చి నన్ను వింటాడట. "నచ్చావంటే నిన్నే తీసుకుంటాడ్రా! ఇంక నీ దశ తిరిగిపోయినట్టే," అన్నాడు మావాడు. ఆ చోటు నాకు కావాలి. నా జన్మలో ఏదీ అంతగా కోరుకోలేదు, పెళ్లితో సహా. ఈ ముక్క మా ఆవిడ కంట పడకపోతే మంచిది.

నవమి పొద్దున కార్ఖానాలో ఆయుధ పూజ. ఆ ఒక్కరోజు మెషిన్లు ఆపేసి, కడిగి, బొట్లు పెట్టి, దండలు వేస్తాం. గుమ్మడికాయ కొట్టి మరమరాలు పంచుకుంటాం. పూజ అయిన పనిముట్టును మర్నాడు హారతి ఇచ్చి కదిలించేదాకా ఎవరూ ముట్టరు. మేనేజరు చెప్పినా ముట్టరు. నా లేత్‌కు నేనే మూడు విభూతి రేఖలు దిద్ది, దండం పెట్టుకుని, గిటార్ తీసుకుని టౌన్‌షిప్‌కు పోదామని మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చాను.

కొట్టంలో గిటార్ లేదు. నడిమింట్లోకి వెళ్లి చూస్తే అక్కడ ఉంది. పీట మీద నాగటి కర్రు, కొడవలి, గొడ్డలి, నాయన మూరెడు పానా, వాటి నడుమ నా గిటార్. నిలువునా పసుపు, కుంకుమ. తీగల సందుల్లో బంతిపూలు. మెడకు పసుపు దారం కంకణం.

"ఎవరు పెట్టిండ్రు దీన్ని ఈడ?" అని గావుకేక పెట్టాను.

"మెల్లగ మాట్లాడు, దేవుని ముంగట. మీ నాయిన పెట్టిండు," అంది అమ్మ.

వాకిట్లో ఎడ్ల కొమ్ములకు రంగు వేస్తున్న నాయన లోపలికి వచ్చాడు. "ఏంది లొల్లి?"

"ఇయ్యాల సాయంత్రం నాకు గిటార్ గావాలె నాయినా! టౌన్‌షిప్పుల ప్రోగ్రాం ఉన్నది. సికింద్రాబాద్ కెళ్లి మనిషి వస్తుండు, నన్ను సూసి తీస్కుంటందుకు!"

"ఇయ్యాలనా?" ఆయన ముఖం చిన్నబోయింది. "నాకు చెప్పలేదు గదరా."

"చెప్తే పోనిస్తుంటివా? నువ్వే గద తీగెలు గీకుడంటివి! గది పనే గాదంటివి! మరి కర్రు పక్కపొంటి ఎందుకు పెట్టినవ్?"

నాయన చేతికున్న రంగు తువ్వాలుకు తుడుచుకుని నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు విప్పి కొసలు తడిమాడు. "మొన్న నీకు జొరమొచ్చినప్పుడు సూసిన. గీ కొసలకు కాయలు కాసినయ్. లేత్ మీద గీడ కాయవు. ఇరవై ఏండ్లు నాగలి పట్టినోన్ని, నాకు తెల్వదా? ఉత్తగ ఆడుకునేటోనికి కాయలు కాయవు. నేను తప్పు మాట్లాడిన అనుకోని పూజల పెట్టిన."

అరిచినందుకు సిగ్గేసింది. ఒక్కమాట ముందే చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. నా మూర్ఖత్వం నా నెత్తికే చుట్టుకుంది.

"నియమం అయితే నీకు తెలిసిందే. అయినా తీస్కపోతనంటే నేను అడ్డం రాను. నీ పనిముట్టు, నీ ఇష్టం," అని నాయన మళ్లీ ఎడ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

పీట ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రెండుసార్లు చెయ్యి చాపాను, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాను. ఇన్నాళ్లకు ఆ మనిషి దాన్ని పనిముట్టు అన్నాడు. లేత్‌ను ముట్టని నేను దీన్ని మాత్రం లాగేసుకుంటే, ఇది ఉత్త ఆటవస్తువని నేనే ఒప్పుకున్నట్టు. ఖాళీ చేతులతో సైకిలెక్కాను.

మావాడు నన్ను చూసి తల బాదుకున్నాడు. "నీకు బుర్ర గానీ చెడిందా? లెంపలేసుకుని తెచ్చేసుకోవాల్సిందిరా! అమ్మవారేమైనా కాదంటుందా?"

సికింద్రాబాద్ పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, పూల చొక్కా, పక్కన నల్లటి పెట్టెలో గిటార్. చివర్లో మాతో ఒక పాట వాయిస్తానని తెచ్చుకున్నాడట. సంగతి చెప్పాను. దాచి దాచి దెబ్బ తిన్నాను కదా, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. "పూజల కూసున్నదా? సరే భాయ్, ఇది తీస్కో," అని తన గిటార్ నా చేతికిచ్చాడు.

అది విలాయతీ సరుకు. మెడ సన్నం, తీగలు మెత్తన. నా మొద్దు గిటార్‌కు అలవాటైన వేళ్లు దాని మీద నూనె నేల మీద నడిచినట్టు జారాయి. మొదటి పాట నాశనమైంది. వెనక ఎవడో ఈల వేశాడు, అది మెచ్చుకునే ఈల కాదు. రెండో పాట గట్టెక్కింది, మూడోది పర్వాలేదు. దిగి వచ్చి గిటార్ తిరిగిచ్చేటప్పుడు ఆయన కళ్లలోకి చూడలేకపోయాను.

"అంతంత మాత్రం," అన్నాడాయన మొహం మీదే. "నా గిటార్ నీ మాట వినలే. నీది ఎప్పుడు లేస్తది?"

"రేపు పొద్దుగాల సార్."

"దోస్తు క్వార్టర్ల ఉంటున్న ఇయ్యాల. రేపు మీ ఇంటికే వస్త."

వస్తాడని నేను నమ్మలేదు. కానీ దసరా పొద్దున మావాడి సైకిల్ క్యారియర్ మీద కూర్చుని చిట్కుల్ వచ్చాడు, ఒళ్లో మైకు సెట్టు డబ్బా పెట్టుకుని! నాయన తలస్నానం చేసి, హారతి ఇచ్చి, అన్నింటికంటే ముందు గిటార్‌ను కదిలించాడు. తన తువ్వాలుతో కుంకుమ తుడిచాడు. దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియక, పసిపిల్లను అందించినట్టు రెండు చేతులతో నాకు అందించాడు. మాకు అప్పుడే కొత్తగా కరెంటు వచ్చింది, ఇంటికంతా ఒకటే బల్బు. మావాడు బల్బు ఊడదీసి ఆ హోల్డరు నుంచే తీగ లాగి, కాయిల్‌లో ఇరుక్కున్న పసుపును ఊది, "కానియ్‌రా," అన్నాడు.

ముందునాడు నాశనం చేసిన పాటనే ఎత్తుకున్నాను. పంతం. చివరిదాకా కళ్లెత్తలేదు. ఒక్క తీగ తప్పలేదు. ఎడ్లు తాళ్లు లాగాయి, గోడ మీద పిల్లలు బారులు తీరారు, అమ్మ కొంగుతో నోరు మూసుకుని నిలబడింది. ఆపాక చూస్తే పెద్దాయన చెప్పులు విడిచి నేల మీద కూర్చుని ఉన్నాడు. "దీన్ని ఎవరు తయారు చేసిండ్రు?" అని ముందు గిటార్ సంగతి అడిగాడు. చెప్పాం. తల ఊపాడు. "శనివారం సాయంత్రం వచ్చెయ్. ఇదే తీస్కరా. దీన్ని మార్చకు."

తర్వాత ఏడేళ్లు శని, ఆదివారాలు ఆ బృందంలో వాయించాను. జనం అర్థం తెలియని పాటలకు అర్థం తెలిసినట్టే ఆడేవాళ్లు. ఒకసారి బొంబాయి దాకా వెళ్లి వాయించి వచ్చాం. బాగా వాయించిన రోజులున్నాయి, తీగ తెగి పరువు పోయిన రోజులున్నాయి, అకారణంగా ఆ బృందం డ్రమ్ములవాడితో దెబ్బలాడిన రోజులూ ఉన్నాయి. సోమవారం పొద్దున మాత్రం కార్ఖానా గేటు దగ్గర ఠంచనుగా ఉండేవాణ్ని. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పమంటే నాకు ఇప్పటికీ చేతకాదు.

కానీ అవన్నీ ఆ తర్వాతి సంగతులు. ఆ పొద్దున వాకిట్లో, పెద్దాయన రమ్మన్నాక నేను నాయన వైపు చూశాను. ఆయన నన్ను చూడలేదు. పెద్దాయన ఎదురుగా గొంతుక్కూర్చుని విచారణ మొదలుపెట్టాడు.

"ఎన్ని గంటలకు రావాలె?"

"ఆరు గంటలకు."

"ఎంత సేపుంటది?"

"నాలుగు గంటలు."

"మీ తాన తినేతందుకు ఏమన్న పెడ్తరా?"

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఆయనను అంతకుముందు ఎవరూ ఆ మాట అడిగి ఉండరు. నాయన లేచి, ఇంటివైపు తిరిగి అమ్మను కేకేశాడు:

"ఇగో, ఇన్నవా! శనారం నుంచి పోరనికి రెండు డ్యూటీలు. సద్ది రెండు గిన్నెలల్ల కట్టు!"