మడమకు రబ్బరేసిన బూట్లు

నడివయసు ఆడమనిషి పొద్దున్నే పరుగెత్తితే మదనపల్లెలో ప్రతివాడి దగ్గరా ఒక సలహా ఉంటుంది. నేను ఎవరి మాటా వినే రకం కాదు కాబట్టి నాలుగేళ్లు సుఖంగానే పరుగెత్తాను. ఈ ఏడు ఎడమ మోకాలు పట్టుకుంది. కుప్పంలో అక్క ఇంటికి పోతే, నేను మెట్లు దిగే తీరు చూసి ఆమె తేల్చేసింది: "వయసుకు తగ్గట్టు ఉండవే. ఆ పరుగు మానుకో."

రోజంతటిలో నాది అని చెప్పుకోదగ్గది ఆ అరగంటే. అది పోతుందంటే తిరుగు బస్సులో ఏడుపొచ్చింది.

పుంగనూరులో బస్సు మారాలి. బస్టాండు బయట చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర ఆగాను. చెప్పులకు టైరు ముక్క వేయించుకుని ఏళ్లకేళ్లు లాగే మనుషులం మేము. పరుగు బూట్లకూ అదే న్యాయమనుకుని, అరిగిన మడమలకు ఆయన చేతే రెండుసార్లు రబ్బరు వేయించాను. ఇప్పుడు కాళ్లకున్న ఆ బూట్లలో ఒకదానికి ముందర కుట్టు ఊడింది, విప్పిచ్చి వేయమన్నాను.

ఆయన బూటును చదును రాయి మీద పెట్టాడు. అది ఒక పక్కకు ఒరిగింది. బొటనవేలితో అడుగు నొక్కి చూశాడు.

"ఇది కుట్టనమ్మా."

"యాలప్పా? కొత్తవి మాదిరే ఉండాయి గదా!"

"పైన ఉతికి ఉతికి తెల్లగా పెట్టుకోనుండావు. లోపల స్పాంజి సచ్చిపొయ్యుండాది. మోకాలు నొస్తాండాదా?"

"నీకెవరు సెప్పినారు?"

"బూటు సూస్తే తెలీదా? రెండుతూర్లు రబ్బరేసింది నా తప్పే. ఇంగ ఎయ్యను."

నేను ఊరుకుంటానా? బస్సు వచ్చేదాకా వాదించాను. ఆయన వేరేవాళ్ల చెప్పు తీసుకుని పని మొదలుపెట్టాడు.

మదనపల్లెలో దిగి, గొణుక్కుంటూనే కొత్త బూట్లు కొన్నాను. కొన్నాళ్లు నడక, తర్వాత మెల్లగా పరుగు. ఒక పొద్దు మెట్లు దిగుతూ నొప్పి కోసం వెతుక్కున్నాను. లేదు.

మొన్న పుంగనూరులో పని కల్పించుకుని మరీ దిగాను. చేతికొచ్చిన పనిని కాదని నాకు మేలు చేసిన మనిషికి ఆ మాట ఎట్లా చెప్పాలో తెలీక, "ఆ పొద్దు నోరు పారేసుకున్న్యా, మనసులో పెట్టుకోవద్దప్పా. మళ్లా పరుగెత్తతాండాను" అన్నాను.

ఆయన తలెత్తకుండానే నవ్వాడు. "నువ్వు అరుస్తాంటే జనం ఆగి సూసినారు లేమ్మా. ఆ పొద్దు నాకు శానా బేరాలొచ్చినాయి."