తొమ్మిది దగ్గర తప్పిన లెక్క

"మా నాన్న గుండెనొప్పితో వచ్చాడు, రక్తంలో ఇన్ఫెక్షన్‌తో పోయాడు. ఆ గొట్టం ముట్టుకుంది నువ్వేగా సిస్టర్?" అని నాలుగేళ్ల కిందట ఒక రోగి కొడుకు ఆ నర్సును నిలదీశాడు. అప్పటినుంచి మెడ నరంలోకి వేసిన గొట్టంలో మందు ఎక్కించే ముందు దాని మూతిని స్పిరిట్ దూదితో క్రిములు చచ్చేలా రుద్దుతూ, పైకే పదిహేను దాకా లెక్కపెడుతుంది. తోటి నర్సులు 'లెక్కల పంతులమ్మ' అంటారు. కడిగీ కడిగీ ఆమె వేళ్లు ఏడాది పొడుగునా పగిలే ఉంటాయి. అంతా దేవుడి దయ అనేవాళ్లను చూస్తే ఒళ్లు మంట. "ఆయనొచ్చి చేతులు కడగడు కదా" అంటుంది.

నిన్న పొద్దున మూడో మంచం తాతగారి దగ్గర లెక్క తొమ్మిదికి వచ్చేసరికి ఆయన భార్య, "అమ్మాయ్, ఈయన్ని ఇంటికెప్పుడు పంపిస్తారు?" అంది. ఆమె జవాబు చెబుతూనే మందు ఎక్కించేసింది. మధ్యాహ్నానికి తాతగారికి వణుకుతో జ్వరం వచ్చింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తనే డాక్టరు దగ్గరికి వెళ్లి, "సార్, నేను తొమ్మిదికే ఆపేశాను" అంది. ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, మెడ గొట్టం తీయించి, మందు మార్చి, రక్తం పరీక్షకు పంపాడు. ఫలితానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఈ పొద్దున, చేతికి వేసిన కొత్త గొట్టం దగ్గర ఆమె దూదితో మూతి రుద్దడం మొదలెట్టగానే, తాతగారే నీరసంగా ఒకటి, రెండు అని మొదలుపెట్టారు. భార్య నోరు మెదపలేదు. "పదిహేనయిందమ్మా, ఇక చాల్లే, ఆ మూతి అరిగిపోతుంది" అన్నారాయన. ఆమె చెయ్యి ఆగలేదు.