పండరి మామ ఒక్కపొద్దులు

మంజీర నీళ్లు నిజాంసాగర్ కాలువల గుండా దిగివచ్చి బాన్సువాడ మళ్లను తడపడం మొదలై ఎన్ని తరాలు గడిచినా, ఎడ్లబండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చి, రోళ్లు పోయి మిక్సీలు వచ్చి, చివరకు వేలితో అద్దాన్ని తాకితే అన్నం గుమ్మం ముందుకు నడిచివచ్చే ఈ కాలం కూడా వచ్చి కూర్చున్నా, ప్రతి తినుబండారానికీ ఒక దేవుణ్ణి కాపలా పెట్టి, ఆ దేవుని పేరిట ఇంటిల్లిపాది నోళ్లకూ తాళం వేయగల మహానుభావుడు ఆ సీమలో ఒక్కడే పుట్టాడు, అతడు పండరి.

లోకంలో ఒక్కపొద్దు అంటే ఒంటిపూట తిని ఉండే ఉపవాసం. పండరి ఒక్కపొద్దు వేరు. మూడు పూటలా తినవచ్చు, దేవుడు వద్దన్నది మాత్రం ముట్టరాదు. సోమవారం మొదలు శనివారం దాకా ఆరుగురు దేవుళ్లు ఆరు రకాల తిండ్లను అడ్డుకునేవారు; తీపి మాత్రం ఆరుగురికీ సమానంగా పడేది కాదు. ఏ పురాణంలోనూ, ఏ వ్రతకల్పంలోనూ కానరాని ఈ నియమాలకు కర్తా ఆయనే, వ్యాఖ్యాతా ఆయనే.

“మంగళవారం మైదా ముట్టద్దా? ఆంజనేయునికి మైదాతోని ఏం లడాయి?” అని భార్య భూమవ్వ నిలదీసింది.

“గాయన ఎవరి కొడుకు?”

“వాయుదేవుని కొడుకు.”

“మైదా తింటే కడుపుల ఏం పుడతది?”

పండరి జవాబు కోసం ఆగలేదు.

“గ్యాసు. గాలికి చెడ్డపేరు తెస్తే గాలి కొడుకు ఊకుంటడా?”

కూల్‌డ్రింకు సంగతి ఇంకా తేలిక. “శివునికి నెత్తిమీదనే గంగ ఉన్నది. ఏనాడన్న కూల్‌డ్రింక్ అడిగిండా?” అనేవాడు. ఎరువుల దుకాణం నడిపే కొడుకు నగేశ్ ఒకనాడు ధైర్యం చేసి, “బాపూ, నీ దేవుళ్లంత డైటింగ్ చేస్తుండ్రా ఏంది?” అని అడిగాడు.

“దేవుళ్లల్ల ఎవరికన్న పొట్ట ఉన్నదారా?”

“వినాయకునికి?”

పండరి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “గందుకే గాయన్ను ఈ పనిల కలపలే” అన్నాడు.

విచిత్రమేమంటే ఈయన చెరకు రైతు. పెద్ద కొడప్‌గల్ దారిలో తన చేనంతా తియ్యదనం నిలువెత్తున నిలబడి ఉండగా, ఇంట్లో చాయలో చెంచా చక్కెర పడితే దేవతాగ్రహం అని ఉలిక్కిపడేవాడు. మొన్నటి ఉగాది దాకా ఈ చాదస్తం ఆయనలో లేదు. ఉన్నట్టుండి పుట్టింది. ఆదివారాన్ని మాత్రం మాంసం కూర కోసం భూమవ్వ పోట్లాడి విడిపించుకుంది.

ఇంట్లో అందరూ విసుక్కునే ఈ వింతకు లోలోపల చేతులు జోడించేది కోడలు సుజన ఒక్కతే. ఉగాదికి ముందు ఆమెకు తరచూ కళ్లు తిరిగితే, ఒంటరిగా దవాఖానకు పోయి చూపించుకుంది. షుగర్ ఆరంభమైందనీ, గోళీలు వేసుకొని తిండి సరిచూసుకుంటే భయపడవలసింది లేదనీ చెప్పారు. సుజన భయపడింది రోగానికి కాదు, పేరుకు. వాడలో బట్టలు కుట్టే మోతీబాయికి ఏమైందో ఆమె కళ్లారా చూసింది. “మోతీబాయికి బూరెలు వెయ్యకుండ్రి! షుగరున్నది!” అని పెండ్లి పంక్తి ఈ కొస నుంచి ఆ కొసకు వడ్డించేవాడు అరిచిన నాటి నుంచి ఆమె పేరే షుగర్ మోతీబాయి అయింది, క్రమంగా ఆమె విందులకే రావడం మానుకుంది.

అందుకే సుజన ఎవరికీ చెప్పలేదు. నగేశ్‌కు కూడా చెప్పలేదు. నగేశ్‌కు చెప్పడమంటే ఎరువుల దుకాణానికి చెప్పడం. ఆ దుకాణానికి నాలుగు మండలాల జనం వస్తారు. మామగారి ఒక్కపొద్దుల చాటున ఆమె రహస్యం క్షేమంగా ఉంది. భగవంతుడే ఈ పిచ్చిని తనకోసం పంపాడని నమ్మింది.

అటువంటి సమయంలో మద్నూర్‌లో కాపురముంటున్న ఆడపడుచు మమత, ఎనిమిదేండ్ల కూతురు చిట్టిని వెంటబెట్టుకొని వచ్చి దిగింది.

“వదినె, నీ పెండ్లిరోజు వస్తుంది గదా. అందరం హైదరాబాద్ అవతల వాటర్ గేములుండే పార్కుకు పోదం. దినం గూడ చూసిన. ఆదివారం! ఆ దినం బాపు దేవుళ్లకు డ్యూటీ లేదు.”

అందరూ చప్పట్లు చరిచారు. సుజన కూడా చరిచింది. చరుస్తూనే ఒక సాకు వెతకడం మొదలుపెట్టింది.

కిరాయి బండిలో దారి పొడవునా ఆమె సాకులు అల్లుకుంటూనే ఉంది. పన్ను నొప్పి అనాలా? గొంతు పట్టింది అనాలా? ఎంత అందమైన అబద్ధం అల్లినా, దాని చివర మమత “ఎందుకు?” అని అడుగుతున్నట్టే వినిపించేది. ముందు సీటులో పండరి ఒడిలో పెద్ద సంచి: జొన్నరొట్టెలు, పెసరపప్పు, ఉడికించిన పల్లీలు. ఆ సంచి ఉన్నంతసేపు తనకు కొంత రక్ష అనుకుంది.

ఆ రక్ష గేటు దగ్గరే కూలింది. కాపలావాడు సంచి విప్పమన్నాడు.

“పెద్దాయనా, బయటి తిండి లోపలికి నడువది.”

“తిండి కాదు బిడ్డా, నైవేద్యం.”

కాపలావాడు వంగి వాసన చూశాడు. “ఎల్లిపాయ కారం గూడ నైవేద్యమేనా?”

“మా దేవుడు జెర కారం ఎక్కువ తింటడు.”

“అయితే దేవున్ని బండికాడికే పిలువుండ్రి.”

సంచి బండిలోకి తిరిగిపోయింది. ఆ వెంటే సుజన గుండె కూడా జారిపోయింది. పండరి ముఖం కూడా అంతగానే పాలిపోవడం ఆమె గమనించింది గాని, రొట్టెల మీది మమకారం అనుకుంది.

లోపల లోకమంతా కేరింతలు కొడుతోంది. నీటి జారుడుబల్లల మీద నుంచి పిల్లలు అరుస్తూ పడుతున్నారు. సుజన చూపు మాత్రం భోజనశాల గడియారం మీదే ఉంది. పండరి ఆటల వైపు చూడనైనా చూడక, వంటకాల గిన్నెల మూతలెత్తి తిరుగుతున్నాడు. “దీంట్ల చక్కెర ఎంతుంటది? దాంట్ల?” అని అడిగి అడిగి వడ్డించే మనిషిని విసిగించాడు. తరువాత గొంతు సవరించుకొని భార్య దగ్గరకు వచ్చాడు.

“ఆదివారం సూర్యభగవానునిది గదా. ఆయనకేమో...”

“ఆదివారం నాది!” అంది భూమవ్వ. “ఇంకో దేవున్ని తెచ్చినవంటే నేను గీ నీళ్లల్ల దుంకుత.”

పండరి వెనక్కు తగ్గాడు. సుజనకు ఆఖరి ఆశ కూడా ఆరిపోయింది.

అందరూ కూర్చోగానే మమత చేయి ఊపింది. నగేశ్, సుజనల పేర్లు రాసిన కేకు వచ్చింది. దాని వెనుక గులాబ్‌జాములు, ఆ వెనుక కుల్ఫీలు వచ్చాయి. పక్క బల్లల వాళ్లు సైతం తిరిగి చూసి నవ్వారు.

“నోరు తెరువు వదినె!”

“నాకు పన్ను నొస్తుంది మమతా.”

“కేకుకు పండ్లెందుకు? నోట్లె పెడితే కరుగుతది.”

“తరువాత తింట.”

“తరువాత ఎందుకే? ఏమైంది నీకు? పొద్దుగాల నుంచి ముఖం గట్ల పెట్టినవు. మా అన్నతోని లడాయి అయిందా?”

నగేశ్ బిత్తరపోయి చూశాడు. భూమవ్వ కళ్లు చిన్నవి చేసి చూసింది. ఒక్క ముక్కతో ప్రాణం పోదని సుజనకు తెలుసు. కాని ఒక్క ముక్కతో మమత ఆగదనీ తెలుసు. వద్దంటే ఎందుకంటారు; ఎందుకో చెబితే ఆ మాట బండి కంటే ముందు బాన్సువాడ చేరుతుంది. ఆమె కళ్లు మూసుకొని నోరు తెరిచింది.

“ఆగు!”

పండరి లేచి నిలబడ్డాడు. ఆ గొంతుకు పక్క బల్ల మీది చంటిబిడ్డ ఏడుపు మానింది.

“పెండ్లిరోజునాడు కోడలి వంతు తీపి మామ తినాలె. ఇది మా వంశాచారం.”

“నా కాపురమంత గడిచింది, ఎన్నడు విననే వినలే గీ ఆచారం!” అంది భూమవ్వ.

“నువ్వు కొత్త కోడలివైనప్పుడు నీ వంతు మా నాయిన తినలేదా?”

“మీ నాయిన నేను వచ్చేసరికే పోయిండు గదా!”

“గందుకే నీకు తెల్వదు” అని చెప్పి, పండరి కూతురు చేతిలోని కేకును అందుకొని మింగాడు. తరువాత సుజన ముందరి గులాబ్‌జాములను తనవైపు జరుపుకున్నాడు. ఉగాది నుంచి చక్కెర పలుకు ముట్టని ఆ నియమవ్రతుడు, ఆ గిన్నెను ఆపోశన పట్టి, కుల్ఫీని పుల్లతో సహా ఖాళీ చేశాడు. ముఖంలో రుచి లేదు. పరీక్ష రాసేవాని తత్తరపాటు ఉంది.

ఆ తరువాత చిట్టి ఆయన్ను వదలలేదు. “తాతా, తీపి తినొద్దని చెప్పి నువ్వే తిన్నవు గదా. ఇప్పుడు నా మాట వినాలె” అని గిరగిర తిరిగే పెద్ద కప్పులో కూర్చోబెట్టింది. కప్పు దిగిన పండరికి భూమి నిలకడగా కనబడలేదు. నీడనున్న బల్ల దాకా సుజన చేయి పట్టి నడిపించింది. నీళ్ల సీసా అందించింది.

“మామా, గంత తీపి ఎందుకు తిన్నరు?”

“నువ్వు తినద్దు గదా బిడ్డా.”

సుజన చప్పున అటూ ఇటూ చూసింది.

“గోళీలు జొన్నల డబ్బాల దాస్తరా ఎవరన్న? పిండి గిర్నికి జొన్నలు పట్టుకపోయేది నేనే గదా. జెరంతల తప్పింది, లేకుంటే పిండిల కలుస్తుండె. ఇంటిల్లిపాదికి మందు అయితుండె.”

“మీకు... ఎప్పటి సంది తెలుసు?”

“ఉగాది సంది. మళ్ల గక్కడనే పెట్టిన.”

“ఎవరితోనన్న అన్నరా?”

“దేవునితోని గూడ అనలే.”

“దేవుళ్లందరిని వాడుకున్నరు గదా మామా!”

“వాళ్లకు కారణం చెప్పలే” అన్నాడు పండరి, కడుపు పట్టుకొని. “నువ్వు దాసుకున్నది విప్పి చూపెడితే నేను మనిషినా? నీకొక్కదానికి తీపి బంద్ అంటే అందరడుగుతరు. అందరికి బంద్ అంటే నన్నే తిడతరు. తిట్లు నాకు అలవాటే.”

సుజన మాట్లాడబోయేంతలో మమత, భూమవ్వ, నగేశ్ చుట్టుముట్టారు.

“ఉగాది సంది మా నోర్లు కట్టేసి, వదినె వంతు గూడ మింగుతవా బాపూ? ఇది భక్తి కాదు, కక్కుర్తి!” అంది మమత. ఆమె గొంతులో నిజమైన కోపం ఉంది.

“అవునే” అన్నాడు పండరి తల వంచుకొని. “కక్కుర్తే. ఆశైంది.”

సుజన మామకు ముందు వచ్చి నిలబడింది.

“కక్కుర్తి కాదు మమతా. షుగర్. నాకు.”

మిగిలినదంతా సుజన గబగబ చెప్పేసింది. నగేశ్ ముఖం ఎర్రబడింది. “నాకన్న చెప్పకపోతివి” అన్నాడు. మరుక్షణమే తన దుకాణం గుర్తొచ్చింది కాబోలు, తల గోక్కున్నాడు. భూమవ్వ మాత్రం భర్త వైపు తిరిగింది.

“కోడలి సంగతి తెల్సి, నాకు చెప్పకుంట, ఆంజనేయునితోని బెదిరిస్తివా నన్ను?”

“నీకు చెప్తే ఏం చేస్తుంటివి?”

భూమవ్వ నిజాయితీగా ఆలోచించింది. “వాడకు చెప్తుంటి” అని ఒప్పుకుంది. కొంగుతో కోడలి ముఖం తుడిచింది. “ఏం ఫికర్ చెయ్యకు బిడ్డా. ఎవరన్న అడిగితే షుగర్ నాకని చెప్త. నా ముసలి ఉమర్ల ఉంటే ఎవడేమంటడు?”

“అగో, నాకని చెప్పు” అన్నాడు పండరి.

“నాకు గూడ ఉన్నదనుండ్రి” అన్నాడు నగేశ్.

“నాకు గూడ షుగర్ కావాలె!” అని చిట్టి కాలు నేలకు కొట్టింది.

మమత నవ్వబోయి ఏడ్చింది, ఏడుస్తూ వదినెను కౌగిలించుకుంది. సుజన మాత్రం పొద్దుటి నుంచి మొదటిసారి కడుపారా నవ్వింది. “ఎవ్వరికి వద్దు. నాదే. ఎవరడిగితే వాళ్లకు నేనే చెప్పుకుంట” అంది.

తమను అడగకుండా తమ పేర్లను వాడుకున్న అపరాధాన్ని సకల దేవతలూ చిరునవ్వుతో మన్నించి ఆ పండరికి నిండు నూరేండ్ల ఆయువునూ, దేన్నైనా అరిగించుకోగల జఠరాగ్నినీ ప్రసాదింతురు గాక. సుజన ఆరోగ్యవతియై, తన మాట తానే తలెత్తి చెప్పుకొనుగాక. ఆ ఇంటి పంక్తిలో ఏ విస్తరీ ఎన్నడూ ఒంటరి కాకుండుగాక!