పిడికెడు బియ్యానికి వచ్చినామె

పాప ఆపరేషన్ ఆగిపోయిందన్న కబురు మొదట తెచ్చింది మా ఊరి ఆశా వర్కర్ కుమారి. గుమ్మం బయటే నిలబడి, "ఇప్పట్లో లేదంటక్కా. పిల్లల గుండె వార్డు కరోనా వాళ్ళకి ఇచ్చేశారంట. మళ్ళీ వాళ్ళే ఫోన్ చేస్తారంట" అని, నా ముఖం చూడలేక వెళ్ళిపోయింది.

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. బడికి వెళ్ళినదాన్ని కాదు. నాన్నగారే ఇంట్లో బైబిలు ముందుపెట్టి చదువు చెప్పారు. చూసింది చూసినట్టు చెప్పమనీ నేర్పారు. అలాగే రాస్తున్నాను.

మాది భీమవరం దగ్గర ఊరు. మా కృపకి అప్పుడు నాలుగేళ్ళు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. నాలుగడుగులు పరుగెడితే పెదాలు నీలమయ్యేవి, అక్కడే గొంతుక్కూర్చునేది. ఆ వేసవి దాటనివ్వొద్దని డాక్టరుగారు ముందే చెప్పారు.

మా చర్చి సంఘంలో ఆడవాళ్ళం వంటకి బియ్యం తీసినప్పుడల్లా దేవుని పేరున ఒక పిడికెడు డబ్బాలో వేస్తాం. నెలకోసారి బైబిల్ స్త్రీ, అంటే ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి ప్రార్థన చేసే ఆవిడ, వచ్చి పట్టుకెళ్తారు. లాక్‌డౌన్‌లో ఆవిడ కూతురి ఊళ్ళో చిక్కుకుపోయారు. డబ్బా నిండిపోయింది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం తెల్లచీర, మాస్కు, భుజాన సంచితో ఒకామె వచ్చి, "పిడికెడు బియ్యం అమ్మా" అన్నారు. పాత ఆవిడ బదులు వచ్చారనుకున్నాను. పేరైనా అడక్కుండా డబ్బా మొత్తం సంచిలో వంపేశాను.

"ముసుగేసుకుని దొంగలాగున్నావు" అంది కృప.

"దొంగనే! బియ్యం పట్టుకుపోతున్నాగా" అని ఆమె నవ్వారు. తర్వాత దాని గోళ్ళు చూసి నెమ్మదిగా నాతో అన్నారు: "పాప నీలం తిరిగితే ఎత్తుకుని పరిగెత్తకండి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు రొమ్ముకి ఆనించి గట్టిగా పట్టుకోండి. భయపడి వదిలెయ్యకండమ్మా."

ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

నాలుగో రోజు ఉదయం కృప ఏడ్చి ఏడ్చి నల్లబడి కళ్ళు తేలేసింది. మావారు ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తబోయారు. నేను లాక్కుని మోకాళ్ళు మడిచి పట్టుకున్నాను. ఒక కీర్తన చదివేలోపు పెదాలకి రంగొచ్చింది. అంబులెన్స్ వచ్చేదాకా వదల్లేదు.

"ఇది మీకెవరు నేర్పారమ్మా? పాప దీనివల్లే దక్కింది" అన్నారు డాక్టరుగారు. ఆయనే పట్టుబట్టి ఇంకో ఆసుపత్రికి పంపించి, ఆ వారమే ఆపరేషన్ చేయించారు. దేవునికి స్తోత్రం.

ఇంటికొచ్చాక పాస్టరుగారికి ఫోన్ చేసి, ఆమెను పంపినందుకు కృతజ్ఞత చెప్పాను. "మేమెవర్నీ పంపలేదమ్మా. బియ్యం వసూలే ఆపేశాం కదండీ" అన్నారు.

మా ఊరికి ఒకటే దారి. మిగతా అంతా రొయ్యల చెరువులు. లాక్‌డౌన్‌లో ఊరివాళ్ళు ఆ దారికి తాటిదుంగలు అడ్డంపెట్టి, వచ్చిపోయేవాళ్ళని పుస్తకంలో రాసుకునేవారు. ఆమె వచ్చిన రోజు పేజీలో పాల వ్యాను ఒక్కటే ఉంది. ఎదురింటి సత్యవతిగారు ఆ వేళంతా అరుగుమీద వడియాలు పెట్టుకుంటూనే ఉన్నారు. ఎవరినీ చూడలేదన్నారు. మా డబ్బా మాత్రం ఖాళీ.

కృప ఇప్పుడు సైకిల్ మీద బడికెళ్తోంది. గుమ్మం దాటేవరకూ దాని అరుపులే.

ఆమె ఎవరో నాకు నేటికీ తెలియదు. దెయ్యమనను. దేవదూత అనడానికీ సాహసం చాలదు. మనిషే అయితే, ఆ ఎండలో ఎటునుంచి వచ్చారో, గోళ్ళు చూసినంత మాత్రాన మా పాప జబ్బు ఎలా పోల్చారో చెప్పలేను. నేను ఎవరికోసం ప్రార్థించినా పేరుపెట్టే ప్రార్థిస్తాను. ఆమె దగ్గరే ఆగిపోతాను. మీరు మోకరించినప్పుడు, ఆ తెల్లచీర ఆమెను కూడా ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.