తిన్నాడని తల ఊపాను

నాకు మాట తడబడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. అది నన్ను లొంగదీసుకోగలదని మాత్రం పందొమ్మిదో ఏట, చార్మినార్ దగ్గరి ఒక ఇరానీ హోటల్లో తెలిసింది. ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసిన మధ్యాహ్నం నలుగురు సహపాఠులతో అక్కడికి వెళ్ళాను. పరాఠా తినాలని ఉంది. బేరర్ వచ్చి నిలబడ్డాడు. నా పెదవులు కలుసుకున్నాయి, విడిపోలేదు. ఊపిరి గొంతులోనే నిలిచిపోయింది. మిత్రులు మొదట నేను ఆలోచిస్తున్నాననుకున్నారు. తరువాత ఒక్కొక్కరే చూపు బల్ల మీదికి దించుకున్నారు. చివరికి "చాయ్" అన్నాను. ఆ మాట ఏ అడ్డూ లేకుండా వచ్చింది.

మా ఊరి హోటళ్ళలో బేరర్ ఏదీ రాసుకోడు. విన్నదాన్ని ఉన్నచోటి నుంచే కౌంటర్‌కు అరిచి చెబుతాడు. మనం గొణిగిన మాటను హాలంతా వింటుంది. "ఏక్ చాయ్" అన్న ఆ అరుపు వింటూ, నా అబద్ధాన్ని ఎవరో దండోరా వేసినట్టు కూర్చున్నాను.

నేను రసాయనశాస్త్రం చదివి ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. ఎవరేమి చెప్పినా ‘అది ఎట్లా తెలిసింది’ అని అడగడం నా వృత్తి. నత్తికి చెప్పిన మందులన్నిటినీ ఆ ప్రశ్నతోనే వాడి చూశాను. వసకొమ్ము తేనెలో అరగదీసి నాకాను. నోట్లో గులకరాళ్ళు పెట్టుకొని చదివాను. ఒక హకీం ఇచ్చిన లేహ్యం తిన్నాను. అమ్మ కట్టిన తాయెత్తును కూడా, అమ్మ కోసం, ఉంచుకున్నాను. ప్రతిదీ మూడు నాలుగు రోజులు పనిచేసింది. కొత్తది ఏదైనా మూడు నాలుగు రోజులు పనిచేస్తుందని అర్థమైంది. నాలుక కింది నరం కోయించమని ఇరుగుపొరుగు పట్టుబడితే గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నోట్లోకి లైటు వేసి చూసి, "టంగ్ పర్ఫెక్ట్‌లీ నార్మల్. కోసేటందుకు ఏం లేదు" అన్నాడు. ఒంటరిగా పైకి చదివేటప్పుడు నాకు నత్తి రాదు; పాడేటప్పుడూ రాదు. కనుక ఆయన మాటను నమ్మాను.

మందు లేదని తేలాక దాచడం మొదలుపెట్టాను. ప, బ, ద అనే అక్షరాలు నన్ను పట్టుకుంటాయి. వాటితో మొదలయ్యే తిండిని మానేశాను. కొన్ని హోటళ్ళలో అడక్కుండానే సమోసాల పళ్ళెం తెచ్చి బల్లమీద పెడతారు, కావలసినన్ని తినవచ్చు. అలాంటివి వెతికి పెట్టుకున్నాను. ఎవరితోనైనా వెళ్తే వారిని ముందు చెప్పనిచ్చి "నాకూ అదే" అనేవాణ్ణి. ఎదుటివారు నా మాటను తామే ఊహించి పూర్తిచేస్తే, అది తప్పైనా ఒప్పుకునేవాణ్ణి. చాయ్ అంటే ప్రాణమని పేరు పడింది. నిజానికి చాయ్ నాకు ఇష్టం లేదు. కాగితం మీద రాసి చూపించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆ కాగితం చూపడం నాకు నత్తి ఉందని ఒప్పుకోవడమే. అదే నేను చేయదలచుకోలేదు.

ఇంతవరకు నష్టం నా కడుపుకే.

రెండో ప్రపంచ యుద్ధం రావడానికి కొంతకాలం ముందు మా బాపుకు డయాబెటిస్ ఉన్నట్టు తేలింది. ఆయన కార్వాన్ గింజల బజారులో దడ్వాయి, అంటే బస్తాలు తూచేవాడు. ఎడమకాలి చిటికెనవేలికి చెప్పు కరిచి పుండు పడింది, మానలేదు. పెద్ద దవాఖానాలో డాక్టర్ ఇన్సులిన్ మొదలుపెట్టి నాకు సూది వేయడం నేర్పాడు. "యూ ఆర్ ఎ సైన్స్ మ్యాన్, నువ్వు చేస్తవు. ఒక్కటే యాదికుంచుకో. ఇంజెక్షన్ ఇచ్చినంక అర్ధగంటల తినాలె. తినకుంటే షుగర్ మరీ కిందికి పోతది, ప్రాణం మీదికొస్తది." రోజూ మూత్రాన్ని నీలి బెనెడిక్ట్ ద్రావణంతో కాచి చూడమన్నాడు. రంగు నీలంగా నిలిస్తే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు, వరుసగా ఎక్కువైనట్టు. పదిహేను రోజుల్లో రంగు లేత ఆకుపచ్చకు వచ్చింది. పుండు అంచులు పూడసాగాయి.

ఆ తరువాత ఒక పొద్దున పరగడుపున రక్తం తీయించడానికి బాపును తీసుకువెళ్ళాను. రక్తం తీసి, అక్కడే ఇన్సులిన్ ఇచ్చారు. అప్పుడు చూసుకుంటే నా భార్య సర్ది ఇచ్చిన రొట్టెల డబ్బా లేదు. టాంగాలో మరిచిపోయాను.

"గేటుకు ఎదురుంగ హోటల్ ఉన్నది గద" అన్నాడు బాపు. "రెండు రొట్టెలు పట్కరా బిడ్డా. నేనీడనే కూసుంట."

రోడ్డు దాటుతూ నాలుగైదు సార్లు అనుకున్నాను: దో రోటీ, దాల్, బాంధ్ కే దేవ్, అంటే రెండు రొట్టెలు, పప్పు, కట్టి ఇవ్వు. కొత్త హోటల్, పళ్ళేలు పెట్టే అలవాటు లేదు. బేరర్ వచ్చి, "బోలో సాబ్" అన్నాడు.

"ద..." అన్నాను. "ద... ద..."

ఎదురు కుర్చీలో ఉన్నాయన కప్పు దించాడు. పక్క బల్ల నుంచి ఒకతను, "చావి తిప్పుండ్రి భాయ్, గడియారం ఆగింది" అన్నాడు. ముగ్గురు నలుగురు నవ్వారు. బేరర్ మరో బల్లకేసి చూశాడు. అతను వెళ్ళిపోతాడన్న భయంతో నా నోరు తనకు తెలిసిన దారి పట్టింది.

"చాయ్."

చాయ్ వచ్చింది. దాన్ని తాగకపోతే ఎందుకు తాగలేదో చెప్పవలసి వస్తుంది. తాగాను. బాపు దవాఖానా బల్లమీద ఆకలితో ఎదురుచూస్తూ ఉండగా, నేను ఆ కప్పు చివరిదాకా తాగి బయటికి వచ్చాను. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ వాక్యం రాయడానికి నాకు చెయ్యి సాగదు.

"దొరకలేదా?" అన్నాడు బాపు.

"మూసిండ్రు" అన్నాను. హోటల్లోంచి పొగ వస్తూండటం ఆయన కూర్చున్న చోటికి కనబడుతుంది. వార్డులో నర్సమ్మను అడిగితే పాలో రొట్టెముక్కో ఇచ్చేవారు. అదీ అడగలేదు. కట్టు మార్చుకోగానే ఇంటికి పోదాం, కాసేపే కదా అని నన్ను నేను నమ్మించుకున్నాను. ఇంకొకరు ఆ మాట అని ఉంటే ఏ ఆధారంతో అని నిలదీసేవాణ్ణి.

కట్టు కోసం వరుసలో ఉండగా బాపుకు చెమటలు పట్టాయి. వేళ్ళు వణికాయి. తరువాత ఎదుట బస్తా ఉన్నట్టు చేతులు కదుపుతూ, "లాభం... రెండు... మూడు..." అని, ఒకటిని లాభం అనే బజారు లెక్కతో తూచడం మొదలుపెట్టాడు. అయిదు దగ్గర ఒరిగిపోయాడు.

నర్సమ్మ పరుగున వచ్చింది. నరంలోకి గ్లూకోజ్ ఎక్కించారు. కాసేపటికి కళ్ళు తెరిచాడు. డాక్టర్ నావైపు తిరిగాడు.

"హైపోగ్లైసీమియా. ఇంజెక్షన్ ఇచ్చినంక తిన్నడా?"

లేదు అనాలంటే ఎందుకు లేదో చెప్పాలి. డబ్బా, టాంగా, హోటల్, గడియారం అన్నీ చెప్పాలి. చుట్టూ జనం ఉన్నారు. తల ఊపితే ఒక్క అక్షరం కూడా పలకనక్కరలేదు.

తిన్నాడని తల ఊపాను.

"తిన్నా గిట్ల అయిందంటే డోస్ మస్తు ఎక్కువైనట్టు" అన్నాడు డాక్టర్. "రేపటి నుంచి సగమే ఇయ్యి."

మరునాటి నుంచి ఆ సగం డోసును నా చేతులతోనే సిరంజిలోకి తీశాను. మూడోనాడు గొట్టంలో రంగు పసుపుకు తిరిగింది. ఆరోనాడు ఇటుక ఎరుపు. ద్రావణం పాతబడిందేమో అనుకున్నాను. కాలేజీలో కొత్తది తయారుచేసి, చక్కెర ఎంతుందో తెలిసిన నీటితో సరిచూశాను. ద్రావణంలో లోపం లేదు. బాపు దొంగతనంగా తీపి తింటున్నాడేమో అనుకున్నాను. పాపం, తినలేదు. ఒక్కొక్క కారణాన్నీ కొట్టివేస్తూ పోతే మిగిలింది నేనే. అయినా ఇంకా ఆరు రోజులు ఆగాను. సొంతంగా డోస్ పెంచే ధైర్యం నాకు లేదు. డాక్టర్‌కు నిజం చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. పన్నెండో నాడు కట్టు విప్పితే చిటికెనవేలి కొస నల్లగా ఉంది.

ఆ పొద్దున్నే వెళ్ళాం. బాపు స్టూలు మీద, నేను పక్క కుర్చీలో. వెనక గుమ్మం దాకా జనం. జేబులో కాగితం మీద అంతా రాసి పెట్టుకున్నాను. దాన్ని చేతికిచ్చి తల వంచుకు కూర్చోవచ్చు. అదీ తల ఊపడం లాంటిదే అనిపించి బయటికి తీయలేదు.

"బా..." అన్నాను. "బా... బా..."

"బాధ ఎక్కువైందా?" అన్నాడు డాక్టర్.

ఎవరు ఏ మాట అందిస్తే దాన్ని తీసుకున్నవాణ్ణి. మొదటిసారి కాదని తల అడ్డంగా తిప్పాను.

వెనకనుంచి ఒక ముసలామె, "చెప్పనియ్యుండ్రి సార్, పాపం ఏందో ఉన్నది" అంది. డాక్టర్ కలం కింద పెట్టాడు.

"బా... బాపు ఆ... ఆ దినం తినలే" అన్నాను. "నాకు హోటల్ల మా... మాట రాలే. మీకు అబ... అబద్ధం చెప్పిన."

ఇది రాసినంత తొందరగా అవలేదు. నా మెడ నరాలు ఉబ్బడం, ఉమ్మి బల్లమీద పడటం అందరూ చూశారు.

డాక్టర్ ఓదార్చలేదు. "సైన్స్ చదివినోనివి. తప్పు రీడింగ్ ఇచ్చి, దాని మీద నన్ను మందు రాయమన్నవా?" అన్నాడు. బాపు వైపు తిరిగి, "మీరన్న చెప్పద్దా పెద్దాయనా?"

"నాకు తెలివొచ్చెటాల్లకు వాడు తల ఊపుతున్నడు సార్" అన్నాడు బాపు. "నలుగుర్ల కొడుకును అబద్ధాలోడని ఎట్లంట? వానికి నోరు తిరగది. అయినా, వాడు నాకంటె సదువుకున్నోడు, వాడే చెప్తడనుకున్న."

పన్నెండు రోజులూ ఆయనకు తెలుసు. పొద్దున్నే చొక్కా ఎత్తి సూది వేయించుకుంటూ, నేను చెబుతానని ఎదురుచూశాడు.

గాంగ్రీన్ పట్టిందని సర్జన్ చిటికెనవేలు తీసేశారు. డోస్ మళ్ళీ పెంచాక గాయం మానింది. ఆ పన్నెండు రోజుల వల్లే వేలు పోయిందా అని డాక్టర్‌ను అడిగాను. "చెప్పలేను. డోస్ అట్లనే ఉన్నా పోయేదేమో. నోబడీ కెన్ సే" అన్నాడు. అది సరైన జవాబు. ఒక్క రోగి, పోల్చి చూడటానికి అదే మనిషికి మరో ఎడమకాలు, మరో పన్నెండు రోజులు లేవు. నా తప్పు వల్లే పోయిందని నేను రుజువు చేయలేను. కాదని కూడా చేయలేను. బాపు చెప్పు వేసుకునేటప్పుడల్లా ఆ ఖాళీ దగ్గర పట్టీ సర్దుకునేవాడు. నేను మరోవైపు చూసేవాణ్ణి.

నత్తికి నేను చేసుకున్న చికిత్స ఒక్కటే. దవాఖానాకు వెళ్ళిన ప్రతిసారీ డబ్బా ఉన్నా సరే, బాపుకు తినిపించాక ఆ హోటల్‌కే వెళ్ళి, ఆ బల్ల దగ్గరే కూర్చుని, దో రోటీ, దాల్ అని అడగడం. మొదటి రోజు పక్క బల్ల అతను "గడియారం వచ్చింది" అన్నాడు. మూడోసారి బేరర్ ఖలీల్ భాయ్ అతనికేసి చూసి, "రుకో మియా, సాబ్ బోల్ రహే" అని అతన్ని ఆపి, నాతో, "మీరు నిదానంగ చెప్పుండ్రి. నేను యాడికి పోను. పోతే సేఠ్ తిడ్తడు" అన్నాడు. నవ్వాను. నవ్వాక మాట కొంచెం తేలికగా వచ్చింది. ఇది మందని చెప్పను; చూసింది చెబుతున్నాను.

మధ్యలో వెనకడుగు కూడా వేశాను. చాంద్రాయణగుట్ట దారిలో ఒక హోటల్ యజమాని నా మాటను అచ్చంగా అనుకరించి చూపించాడు. రెండు నెలలు మళ్ళీ చాయే తాగాను. తరువాత మళ్ళీ మొదలుపెట్టాను.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో బాపు విషజ్వరంతో పోయాడు. ఇప్పుడు నేను క్లాసులు చెబుతున్నాను, నత్తితోనే. అది తగ్గిందా అని అడిగితే, తగ్గలేదు. వింటున్నవారి ముందు పెదవులు బిగుసుకుంటే ఈనాటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ సిగ్గు పోతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. కాని పరాఠా కావాలంటే పరాఠా అడుగుతాను.

నాలాంటి వారికి చెప్పగలిగింది ఒక్కటే. కూర్చోగానే, ఏమి కావాలో చెప్పకముందే, "నాకు నత్తి ఉంది, జర ఆగుండ్రి" అనండి. ఆ వాక్యమూ నత్తితోనే వస్తుంది; ఎదుటివారికి వేరే రుజువు అక్కరలేదు. హోటల్లో అనడం అలవాటైతే దవాఖానాలోనూ అనగలుగుతారు. అక్కడ రోగిని వెంటబెట్టుకొని వెళ్ళినప్పుడు, డాక్టర్ అడిగినదానికి జవాబు చివరి అక్షరం దాకా అయ్యేవరకు కుర్చీలోంచి లేవకండి, వెనక వరుస ఎంత పొడుగున్నా.