శీనయ్య పాతిన గంగమ్మ రాయి

శీనయ్య గురించి ఎవర్ని అడిగినా మంచివాడనే చెబుతారు. మంచివాడే, నేను కాదనను. గొర్రెల్ని పేరుపేరునా తిట్టేవాడు గానీ మనుషుల్ని పల్లెత్తు మాట అనేవాడు కాదు. కానీ ఆ మంచితనమే మా పీకల మీదికి తెచ్చిందని కూడా ఎవరో ఒకరు రాయాలి కదా! ఎవరూ రాయరు గనక నేను రాస్తున్నాను.

నేను తిప్ప మీద టీచర్ని. ఆత్మకూరులో బస్సెక్కి, దిగాక పడవెక్కి, తొమ్మిదేళ్లుగా వస్తూ పోతూ ఉన్నాను. ఆనకట్ట నీళ్లు చుట్టూ పొలాల్ని ముంచేసినప్పుడు ఎత్తు మీదున్న నలభై గడపలు నీళ్ల నడుమ మిగిలాయి. అదే తిప్ప. తూర్పు కొసన ఆఖరి ఇల్లు శీనయ్యది. ఆ ఇంటి ముందు ఖాళీ నేల, నేల చివర నీటి గట్టు మీద గంగమ్మ రాయి. ఏటా వరద తగ్గాక ఆ రాయిని కడిగి పసుపు పూసేది శీనయ్యే. ఆ ఇంటివాళ్లు తప్ప ఇంకొకరు దాన్ని ముట్టరు. పొంగళ్ల రోజున ఆడవాళ్లు సైతం దూరం నుంచే దండం పెట్టుకుని వస్తారు. రాయి నిలిచి ఉంటే తిప్ప నిలిచినట్టేనని వాళ్ల నమ్మకం.

పోయినేడు వేసవిలో ఆత్మకూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పాతికేళ్ల తర్వాత మీ ఊరు ఎట్లా ఉండాలో మీరే చెప్పండి, మీరే గీయండి అన్నాడు. అబ్బో, ఆ రోజు సంబరం చూడాలి! ఆడవాళ్లు ముగ్గుపిండి తెచ్చి నేల మీద తిప్పంతా గీశారు. ఇటుకముక్క పెట్టి పడవల రేవన్నారు, చింతగింజలు పోసి గొర్రెల ఆసుపత్రన్నారు. కొత్త బడికి మాత్రం అందరూ ఒకే చోటు చూపించారు. శీనయ్య ఇంటికీ రాయికీ మధ్యనున్న ఖాళీ నేల. అక్కడ తప్ప జాగా లేదు మరి.

"ఆడ నూటయాభై అడుగులు ఉండాది సార్. మా నాయన కాలం నుంచీ అంతే. రాయి కదిలితే గదా!" అన్నాడు జనార్దనయ్య. తిప్పకు పెద్దరైతు ఆయన, ఆయన మాటే ఊరి మాట.

ఆఫీసరు మరుసటి వారం వస్తానని, ఈలోగా ప్లాను కాగితం మీదికి ఎక్కించమని నాకు అప్పగించి వెళ్లాడు. రాసేదేదో కొలిచే రాద్దామని నేను టేపు పట్టుకుని వెళ్లాను. ఇంటి గుమ్మం నుంచి రాయి దాకా తొంభై ఒకటి వచ్చింది. టేపు మెలిపడిందేమోనని మళ్లీ కొలిచాను. తొంభై ఒకటే. కొలుస్తుండగానే గట్టు కింద దబ్బుమని మట్టిపెళ్ల నీళ్లలో పడింది. తలెత్తి చూస్తే శీనయ్య మంద మొత్తం దొడ్డిలో పడమటి మూలకు పోయి ఒకదాన్నొకటి తోసుకుంటోంది. ఇటు పక్క ఒక్క జీవం లేదు.

"ఇటు పడుకోవు అమ్మా. రెండేళ్లాయె" అన్నాడు వెనకనుంచి శీనయ్య.

"రాయిని ఏం చేశావయ్యా?" అన్నాను.

దాచలేదు పాపం. గట్టు విరిగి రాయి నీళ్లలో పడినప్పుడల్లా, ఎవరూ చూడకముందే తాడేసి లాగి, కొత్త గట్టు మీద పాతేవాడట. ఏడుసార్లు పాతాడు.

"రాయి పడిందంటే ఊరోళ్ల గుండెలు జారిపోతాయి, ఎవురికీ చెప్పబాక అని మా నాయన ఒట్టేయించుకున్నాడమ్మా."

"ఆ నేల మీద బడి కడతారట! నీ మనవరాలు దివ్యశ్రీ కూర్చునేది అక్కడేనయ్యా!"

ఆ సాయంత్రమే శీనయ్య అందర్నీ పిలిచి, ముగ్గు మీద కాలు పడకుండా పక్కన నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తిడతారనుకున్నాను, కొడతారేమోనని కూడా భయపడ్డాను. అందరూ జనార్దనయ్య వైపు చూశారు.

జనార్దనయ్య నా వైపు తిరిగాడు. "తిప్ప కరిగిపోతా ఉండాదని రాస్తే ఏమైద్దో తెలుసా టీచరమ్మా? అందర్నీ లేపి ఉదయగిరి పక్క కొండరాళ్లలో కాలనీ ఇస్తారు. గొర్రెకు గుక్కెడు నీళ్లుండవు ఆడ. నూటయాభై అనే రాయండి."

"అయ్యా, పిల్లోళ్లు..." అన్నాడు శీనయ్య.

"ఇన్నేళ్లు నోరు మూసుకోనుంటివి గదరా. ఇంకొన్నేళ్లు మూసుకో."

నలభై గడపలూ తలూపాయి. నేను? నూటయాభై అని రాశాను. నా చేత్తో, నా పెన్నుతో. సిగ్గుగా ఉంది.

ఆఫీసరు కొలవకుండానే కాగితం పట్టుకెళ్లాడు, మంజూరు వచ్చింది, బడి లేచింది. గోడలకు నీలంరంగు వేశారు. ఈ ఏడు కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగోనాడు పడవ దిగి చూస్తే గట్టు మళ్లీ విరిగింది, రాయి లేదు. ఊరంతా శీనయ్య గుమ్మం ముందు నిలబడింది.

"నేను తియ్యను, నేను పాతను. ముట్టేది లేదు" అన్నాడు శీనయ్య. అతని భార్య మాలకొండమ్మ తలుపు మూసేసింది.

పరాయి చెయ్యి పడకూడని ఆ రాయిని జనార్దనయ్య నలుగుర్ని దించి పైకి లాగించాడు. గునపంతో గుంట తవ్వించి, మిగిలిన గట్టు మీద, బడి మెట్టు నుంచి పది అడుగుల్లో పాతించి, తానే పసుపు పూశాడు. ఆడవాళ్లు దూరం నుంచి దండం పెట్టుకున్నారు. ఆనవాయితీ తప్పలేదని ఒకరికొకరు చెప్పుకున్నారు కూడా.

మర్నాడు హాజరు వేస్తుంటే శీనయ్య గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. నా వైపు చూడకుండా దివ్యశ్రీ చెయ్యి పట్టుకుని లేవదీశాడు.

"దీని పేరు కొట్టెయ్యమ్మా. కలిగిరిలో మా చెల్లెలి ఇంట్లో ఉండి చదువుకుంటాది."

నేను పేరు కొట్టేశాను. వాళ్లు రాయిని తప్పుకుని ఇంటివైపు వెళ్లేదాకా చూశాను. తర్వాత మిగతా ఇరవై ఇద్దరి పేర్లూ పిలిచాను. అందరూ పలికారు.